కార్డు మీద పది లక్షలు, కాల్షీట్ మీద సున్నా

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఏ దిక్కుకు బండి తిప్పినా ఏదో ఒక ఆసుపత్రి తగులుతుంది. ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తే 1988 నుంచి ఉన్న అపోలో. బంజారాహిల్స్ వైపు మళ్ళితే బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి. పంజాగుట్టకు దిగితే నిమ్స్. యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డల మీదుగా పోతే సనత్‌నగర్ ఈఎస్ఐ. మధ్యలో బస్తీల్లో ఎక్కడికక్కడ బస్తీ దవాఖానాలు. ఏదైనా పావుగంట దూరమే. ట్రాఫిక్ ఉంటే గంట. రోగం దానికోసం ఆగదనుకోండి.

ఈ ఐదింటిలోనూ స్టెతస్కోప్ ఒకటే, తేడా అంతా గల్లాపెట్టెలోనే. అపోలోలో బిల్లు కట్టేది ప్రధానంగా రోగి జేబు, లేదా అతని బీమా కంపెనీ. బసవతారకం ట్రస్టు ఆసుపత్రి. క్యాన్సర్‌తో చనిపోయిన భార్య పేరిట ఎన్టీఆర్ సంకల్పించిన ఈ ఆసుపత్రి 2000లో మొదలైంది. దాతల విరాళాలు, రోగుల ఫీజులు, ప్రభుత్వ పథకాల చెల్లింపులు కలిసి దాన్ని నడుపుతున్నాయి. నిజాం ట్రస్టు ఎముకల ఆసుపత్రిగా పుట్టిన నిమ్స్ ఇవాళ ప్రభుత్వ స్వయంప్రతిపత్తి సంస్థ. అక్కడ ఆరోగ్యశ్రీ నడుస్తుంది, ఖర్చుకు హామీ ఇచ్చే ముఖ్యమంత్రి సహాయనిధి ఎల్‌ఓసీ కాగితమూ నడుస్తుంది. ఈఎస్ఐకి డబ్బు జీతంలోంచి వస్తుంది, యజమాని వాటా ఎక్కువ, కార్మికుడి వాటా తక్కువ. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలకు పన్నుల డబ్బే ఆధారం.

ఆరోగ్య విధాన సంస్కరణ అనగానే టీవీ చర్చల్లో పెద్దపెద్ద మాటలు దొర్లుతాయి. నిజానికి అది ఈ ఐదు గల్లాపెట్టెల లెక్క. ఏది, ఎవరికి, ఏ రోజున తెరుచుకుంటుంది? ఎవరికి, ఎంత అనే దాకా మన ప్రభుత్వాలు బాగానే మాట్లాడతాయి. ఏ రోజున అనే దగ్గరే గొంతు తగ్గుతుంది. ఆర్థిక వ్యవస్థకూ ఆరోగ్యానికీ ముడి పడేది సరిగ్గా అక్కడే. ఆ ముడి ఎలా ఉందో చూడడానికి ఫిల్మ్‌నగర్ కంటే మంచి చోటు దొరకదు. ఇక్కడ పరిశ్రమ మొత్తం రోజు లెక్కన బతుకుతుంది.

2007లో ఏం మారింది

ఆరోగ్యశ్రీకి ముందు పేదవాడికి పెద్ద రోగం వస్తే దారి ఒకటే. ఎమ్మెల్యే దగ్గర ఉత్తరం, అక్కడినుంచి సచివాలయం, ముఖ్యమంత్రి సహాయనిధి. గుండెకు రంధ్రం ఉన్న పిల్లవాడి తండ్రి ముందుగా రాజకీయ శాస్త్రం నేర్చుకోవాల్సి వచ్చేది. సిఫార్సు దొరికినవాడికి ఆపరేషన్, దొరకనివాడికి అప్పు.

2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీని మొదలుపెట్టింది. ఏడాది చిల్లరలో రాష్ట్రమంతా విస్తరించింది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50,000. మొదట్లో స్టార్ హెల్త్ అనే ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా నడిచింది. తర్వాత ఎక్కువ భాగాన్ని ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చేతుల్లోకి తీసుకుంది.

ఆర్థికంగా చూస్తే ఇందులో రెండు సంగతులున్నాయి. దయను హక్కుగా మార్చడం మొదటిది. ఎల్‌ఓసీ కోసం తిరిగే మనిషి కార్డు చూపించే మనిషి అయ్యాడు. అది చిన్న విషయం కాదు. దేశమంతటికీ ఆయుష్మాన్ భారత్ వచ్చింది 2018లో, అప్పటికి మన దగ్గర పదకొండేళ్ళ అనుభవం ఉంది. రెండో సంగతి మీద పొగడ్తలు తక్కువ. ఈ పథకంలో ప్రభుత్వం ఆసుపత్రులు కట్టలేదు, ఆసుపత్రి సేవలను కొన్నది. మొదటి ఏళ్ళ చెల్లింపుల్లో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రులకే వెళ్ళింది. పన్నుల డబ్బు హామీగా ఉండేసరికి నగరాల్లో పడకలు, క్యాత్ ల్యాబ్‌లు, డయాలసిస్ యంత్రాలు పెరిగాయి. వాటి చుట్టూ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, మందుల షాపులు, లాడ్జీలు, ఆటోలు, ఇడ్లీ బండ్లు వచ్చాయి. ఆసుపత్రి ఉన్న వీధిలో దివాలా తీసే ఇడ్లీ బండి అరుదు.

జాతీయాదాయం లెక్కల్లో ఇదంతా వృద్ధే. ఆ లెక్కలో ఓ తమాషా ఉంది. రోజుకు రెండు రూపాయల బీపీ మాత్రతో గుండెపోటు తప్పించుకున్నవాడు జీడీపీకి చేసే సేవ స్వల్పం. మాత్ర మానేసి బైపాస్ చేయించుకున్నవాడు లక్షల్లో సేవ చేస్తాడు. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు పుట్టుకతోనే రెండోవాడి వైపు మొగ్గుతాయి. పడక ఎక్కితేనే కార్డు పలుకుతుంది. ఓపీ చీటీకి, నెలనెలా మాత్రలకు అది మూగది. మన దేశంలో జనం చేతినుంచి పెట్టే వైద్యఖర్చులో పెద్ద వాటా మాత్రం మందులదే.

పరిమితి పెరిగితే పథకం పెరిగినట్టేనా

అప్పటినుంచి ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతూ వచ్చిన అంకె ఒకటుంది. రెండు లక్షలు ఐదు లక్షలయ్యాయి. 2023 డిసెంబర్ 9న రేవంత్ రెడ్డి ప్రభుత్వం తెలంగాణలో దాన్ని పది లక్షలు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో 25 లక్షలైంది. 2024లో అక్కడ ప్రభుత్వం మారాక పథకం పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా మారింది. రోగాల పేర్లు మాత్రం మారలేదు.

పరిమితి పెంచడం చౌకైన పని. ఏడాదిలో ఐదు లక్షలు దాటే బిల్లు చాలా తక్కువ కుటుంబాలకే వస్తుంది. అందుకే ఐదును పది చేస్తే ఖర్చు రెట్టింపు కాదు, పోస్టర్ మీద అంకె మాత్రం రెట్టింపవుతుంది. అసలు ఖర్చు పెరిగేది ఎక్కువమందిని చేర్చినప్పుడు, ఎక్కువ చికిత్సలు చేర్చినప్పుడు, ఆసుపత్రికిచ్చే ప్యాకేజీ రేటు పెంచినప్పుడు. ఈ మూడింటికీ పోస్టర్ మీద పెద్దగా చోటుండదు.

నాలుగోది అసలు కనిపించదు: చెల్లింపు తేదీ. 2025 సెప్టెంబర్‌లో తెలంగాణలోని నెట్‌వర్క్ ఆసుపత్రులు వెయ్యి కోట్లకు పైగా బకాయిలున్నాయంటూ ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. ప్రభుత్వంతో చర్చల తర్వాత మళ్ళీ మొదలుపెట్టాయి. అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని ప్రైవేటు స్పెషాలిటీ ఆసుపత్రులు అదే బాట పట్టాయి. రెండు రాష్ట్రాలు నీళ్ళ దగ్గర కలవకపోయినా బకాయిల దగ్గర కలిశాయి.

బకాయి అంటే ఏమిటో నింపాదిగా చూద్దాం. ప్రభుత్వం ఆసుపత్రికి వెయ్యి కోట్లు ఏడాది ఆలస్యంగా ఇచ్చిందనుకోండి. ఆసుపత్రులు అంత సొమ్ము బ్యాంకులో 12 శాతం వడ్డీకి తెచ్చుకుంటే ఏడాది వడ్డీ 120 కోట్లు. ఈ వడ్డీ బడ్జెట్ పుస్తకంలో ఎక్కడా కనిపించదు. కానీ ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి దాన్ని నగదు రోగుల బిల్లులో సర్దుకుంటుంది. జిల్లా కేంద్రంలో నలభై పడకల నర్సింగ్ హోమ్‌కు ఆ వెసులుబాటు లేదు. అది స్టెంట్ల డీలర్‌కు ఆపుతుంది, డీలర్ కంపెనీకి ఆపుతాడు, చివరికి నర్సు జీతం పదో తారీఖు దాటుతుంది. అప్పుడు కార్డు పట్టుకుని వచ్చినవాడికి చాలా మర్యాదగా ఒక మాట వినిపిస్తుంది: "బెడ్ ఖాళీ లేదండీ." అదే బెడ్ నగదుకు ఖాళీ కావచ్చు.

అంటే ఆలస్యమైన ప్రతి రూపాయీ కార్డు మీదున్న పది లక్షల విలువను కొరుక్కుతింటోంది. పరిమితి పది లక్షలని ప్రభుత్వం చెబుతుంది, దాని మారకం విలువ ఎంతో ఆసుపత్రి రిసెప్షన్ చెబుతుంది.

ఈ చిక్కు తెలిసే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబర్‌లో కొత్త పద్ధతికి ఒప్పుకుంది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీలు చూసుకుంటాయి, పేద కుటుంబాలకు ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు చూసుకుంటుంది. 2007లో బీమా కంపెనీతో మొదలై ట్రస్టుకు చేరిన పథకం సగం దూరం వెనక్కి నడిచిందన్నమాట. ఇందులో తర్కం ఉంది. బీమా ప్రీమియం ముందే కట్టాలి, కాబట్టి వాయిదా వేసే దురలవాటుకు కళ్ళెం పడుతుంది. ఎదురు తర్కమూ ఉంది. బీమా కంపెనీ లాభం చూసుకుంటుంది, క్లెయిమ్ తిరస్కరిస్తే దాని లాభం పెరుగుతుంది. బకాయి జబ్బుకు తిరస్కరణ మందు వేస్తే రోగికి ఒరిగేదేమీ ఉండదు. అందుకని ఏ పద్ధతైనా చూడాల్సింది దాని పేరు కాదు, క్లెయిమ్ ఎన్ని రోజుల్లో తేలుతుందన్నదే.

కృష్ణానగర్ లెక్క

ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌కు వద్దాం. ఫిల్మ్‌నగర్‌లో సినిమా ఆఫీసులుంటాయి, సినిమా తీసేవాళ్ళలో చాలామంది మాత్రం కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో ఉంటారు. లైట్‌మ్యాన్, జూనియర్ ఆర్టిస్ట్, ప్రొడక్షన్ బాయ్, సెట్ వేసే వడ్రంగి, మేకప్ అసిస్టెంట్, డ్యాన్సర్, ఫైటర్. 24 క్రాఫ్టులంటారు. యూనియన్ కార్డు ఉంటే పని, పని ఉంటే కాల్షీట్ (ఒక రోజు షిఫ్టు), కాల్షీట్ ఉంటే కూలి, బేటా (దినభత్యం). జ్వరమొస్తే ఈ నాలుగూ ఒకేసారి పోతాయి.

2025 ఆగస్టు 4న తెలుగు ఫిల్మ్ ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ 30 శాతం వేతన పెంపు అడుగుతూ షూటింగులు ఆపింది. ఏ రోజు కూలి ఆ రోజే ఇవ్వాలన్నదీ వాళ్ళ మాటే. 18 రోజుల తర్వాత, ప్రభుత్వ మధ్యవర్తిత్వంతో, మూడేళ్ళలో 22.5 శాతం దగ్గర రాజీ కుదిరింది. రోజుకు 2,000 లోపు తీసుకునేవాళ్ళకు మొదటి ఏడాది 15, రెండో ఏడాది 2.5, మూడో ఏడాది 5 శాతం.

ఈ పెంపును ఆరోగ్యశ్రీ పక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. తెలంగాణలో ఆహార భద్రతా కార్డుకు పట్టణాల్లో ఆదాయ పరిమితి ఏడాదికి రెండు లక్షలు. ఆరోగ్యశ్రీకి దారి ఆ కార్డే. ఒక లైట్‌మ్యాన్ రోజు కూలి 1,200 అనుకుందాం. నెలకు 13 కాల్షీట్లు దొరికితే ఏడాదికి 156 రోజులు, 1,87,200 రూపాయలు. అర్హుడే. ఇప్పుడు 15 శాతం పెంపు కలిపితే కూలి 1,380 అవుతుంది. అవే 156 రోజులకు 2,15,280. అనర్హుడు. సమ్మెలో గెలిచింది ఏడాదికి 28,080 రూపాయలు, కాగితం మీద పోగొట్టుకున్నది పది లక్షల హామీ.

ఏ అధికారీ ఇంటింటికీ వచ్చి కాల్షీట్లు లెక్కపెట్టి కార్డు లాక్కోడు, నిజమే. కానీ విధానం అనేది అధికారి బద్ధకం మీద ఆధారపడకూడదు. గీత ఒకచోట గీసి, దానికి ఇవతల అంతా, అవతల సున్నా అంటే మనిషి చేసే పని ఒకటే. ఆదాయం దాచుకుంటాడు. కూలి బ్యాంకు ఖాతాలో వద్దు, చేతికివ్వమంటాడు. చేతికిచ్చే కూలికి లెక్క ఉండదు, లెక్క లేనిదానికి ఈఎస్ఐ ఉండదు, పీఎఫ్ ఉండదు, బ్యాంకు రుణం ఉండదు. పేదరికానికి రాయితీ ఇచ్చే పథకం చివరికి పేదవాడిగా కనబడడానికి రాయితీ ఇస్తుంది. ఆర్థిక వ్యవస్థలో సగం పని లెక్కలకు ఎక్కడం లేదని వాపోయే పెద్దలు ఈ గీత వైపు కూడా ఓసారి చూడాలి.

ఇంకోటి, కూలి పోవడం. ఆపరేషన్ ఉచితమే అనుకుందాం. తర్వాత 20 రోజులు బరువులెత్తొద్దని డాక్టర్ చెబుతాడు. లైట్‌మ్యాన్ ఉద్యోగమే బరువులెత్తడం. నెలకు 13 కాల్షీట్ల లెక్కన ఆ 20 రోజుల్లో తొమ్మిది దాకా పోతాయి, అంటే 12,420. ఆ నెల గది అద్దె, పిల్లల ఫీజు, ఊరికి పంపే డబ్బు అప్పులోంచి వస్తాయి. ఆరోగ్యశ్రీ బిల్లు సున్నా అయినా కుటుంబం అప్పులో పడడం ఇలాగే. ఈ గుంతను గుర్తించిన ప్రయత్నం ఒకటి మన దగ్గరే జరిగింది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్య ఆసరా, ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇచ్చింది. మొత్తం చిన్నదే. కానీ కోలుకోవడం కూడా వైద్యంలో భాగమేనని ఒక ప్రభుత్వం జీవోలో ఒప్పుకోవడం చిన్నది కాదు.

బస్తీ దవాఖానా ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. పగటిపూట తెరిచి ఉంటుంది. కాల్షీట్ కూడా పగటిపూటే.

యజమాని ఎక్కడ?

ఇన్ని చిక్కులకూ 1948లోనే ఒక పరిష్కారం రాసి పెట్టారు, ఈఎస్ఐ చట్టం. కార్మికుడి జీతంలో యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. నెల జీతం 21,000 దాటకూడదు. 2017 నుంచి ఆ గీత కదల్లేదు, కూలీలూ ధరలూ కదిలాయి. పైన చెప్పిన లైట్‌మ్యాన్ నెలకు 15 కాల్షీట్లు చేస్తే 20,700, లోపల ఉంటాడు. పదహారో కాల్షీట్ చేస్తే 22,080, గీత దాటుతాడు. లోపల ఉన్న నెలకు ఇద్దరి వాటా కలిపి 828 రూపాయలు. దానికి వచ్చేది చూడండి: కుటుంబమంతటికీ వైద్యం, ఓపీ మందులు, జబ్బు సెలవుకు కూలిలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా. ఆసుపత్రుల్లో క్యూలు, మందుల కొరత మీద ఫిర్యాదులు తక్కువేం కావు. అయినా కాగితం మీద ఇంతకంటే మంచి పథకం మన దేశంలో కార్మికుడికి లేదు.

ఈఎస్ఐ వర్తించే సంస్థల జాబితాలో సినిమా హాళ్ళున్నాయి, ప్రివ్యూ థియేటర్లు కూడా ఉన్నాయి. అంటే తెర మీద సినిమా వేసేవాడు లోపల ఉన్నాడు. ఆ సినిమాకు లైటు మోసినవాడు లోపలికి సులువుగా ఇమడడు. కారణం చట్టం దుర్మార్గం కాదు, పని స్వభావం. ఈఎస్ఐ అడిగేది నెల జీతం, స్థిరమైన యజమాని. జబ్బు సెలవు డబ్బు రావాలంటే ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. లైట్‌మ్యాన్‌కు ఈ వారం ఒక నిర్మాత, వచ్చే వారం ఇంకో నిర్మాత. ఒక్కో సినిమాకు ఒక్కో బ్యానర్, ఒక్కో ఆఫీసు. సినిమా ఆడకపోతే సోమవారానికల్లా ఆ ఆఫీసుకు టులెట్ బోర్డు పడుతుంది. చందా ఎవరి దగ్గర వసూలు చేయాలో ఇన్‌స్పెక్టర్‌కు తెలిసేసరికి ఆ నిర్మాత ఫైనాన్షియర్‌కు కూడా దొరకడు.

షూటింగ్‌లో ప్రమాదం జరిగితే మాత్రం చట్టం ఉంది. 1923 నాటి కార్మిక పరిహార చట్టం జాబితాలో సినిమాలు తీసే పని పేరుపెట్టి మరీ ఉంది. అంటే రోప్ తెగి పడితే హక్కు, ఇంటికెళ్ళాక డెంగీ వస్తే దురదృష్టం.

సినిమా కార్మికుల కోసమే 1981లో పార్లమెంటు సంక్షేమ నిధి చట్టం చేసింది. కనీసం ఐదు సినిమాలకు పనిచేసి ఉండాలన్నది అందులో ఒక షరతు. ఒక్కో సినిమా మీద సెస్సు వేసి ఆ డబ్బుతో వైద్యం, ఇళ్ళు, చదువు చూడాలన్నది ఉద్దేశం. కాలక్రమంలో సెస్సు పోయింది, షరతు మిగిలింది. 1948 ఈఎస్ఐ, 1923 పరిహార చట్టాలతో పాటు ఇప్పుడా చట్టమూ 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది.

బీమా, దానం, టికెట్టు

ప్రభుత్వం అందని చోట పరిశ్రమ తన దారి తాను చూసుకుంది. సంఘాలు సభ్యులకు గ్రూపు బీమా తీయిస్తాయి. ఇక్కడ జీఎస్టీ మండలి ఒక చమత్కారం చేసింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ సున్నా అయింది. గ్రూపు బీమా మీద అలాగే ఉంది. జూబ్లీహిల్స్ బంగ్లాలో ఉన్నాయన కుటుంబం మొత్తానికి తీసుకున్న పాలసీకి పన్ను లేదు. కృష్ణానగర్‌లో ఉన్నవాళ్ళు వందలమంది కలిసి యూనియన్ ద్వారా తీసుకుంటే నూటికి 18 రూపాయలు. కలిసి కొనుక్కుంటే చౌక అని ఆర్థికశాస్త్రం చెబుతుంది, కలిసి కొనుక్కుంటే పన్ను అని మండలి చెప్పింది.

ఇక దానం. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగినప్పుడు చిరంజీవి చొరవతో కరోనా క్రైసిస్ ఛారిటీ పుట్టింది. కార్మికుల ఇళ్ళకు సరుకులు వెళ్ళాయి. 2021లో అదే సంస్థ సినీ కార్మికులకు ఉచిత టీకాలు వేయించింది. ఆ రోజుల్లో అది చేసిన మేలును తక్కువ చేయనక్కర్లేదు. అయితే దానం పెద్ద హీరో మనసు మీద ఆధారపడుతుంది, జబ్బు ఎవరి మనసునూ అడిగి రాదు.

మూడోది టికెట్టు. 2025 అక్టోబర్ చివర యూసుఫ్‌గూడలో సినీ కార్మికులు ఏర్పాటు చేసిన సభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కొన్ని మాటలిచ్చారు. టికెట్ రేట్లు పెంచుకునే సినిమాలు ఆ అదనపు ఆదాయంలో 20 శాతం కార్మికుల సంక్షేమానికి ఇవ్వాలి. సంక్షేమ నిధికి ప్రభుత్వం పది కోట్లు జమ చేస్తుంది. కార్మికులకు ఆరోగ్యశ్రీ వర్తింపజేస్తుంది. రెండు వారాల తర్వాత నవంబర్ 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగింది. జూబ్లీహిల్స్ బంగ్లాల్లో ఎక్కువ భాగం ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఉన్నాయని, జూబ్లీహిల్స్ నియోజకవర్గమంటే ప్రధానంగా యూసుఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ అని ఆ నెలలో రాష్ట్రమంతటికీ తెలిసింది. ఎన్నిక వల్ల భూగోళశాస్త్రం మెరుగుపడుతుంది.

రాజకీయం పక్కన పెట్టి ఆ 20 శాతాన్ని ఆర్థికంగా చూద్దాం. ఆలోచన మంచిదే, పరిశ్రమ డబ్బు పరిశ్రమ కార్మికుడికి. లోపం ఎక్కడంటే, రేట్లు పెంచుకునేవి ఏడాదిలో కొన్ని పెద్ద సినిమాలే. అవి ఆడిన ఏడాది నిధి నిండుతుంది, ఆ ఏడాది పని కూడా బాగానే ఉంటుంది. పెద్ద సినిమాలు వాయిదాపడితే, లేదా 2020 లాగా హాళ్ళే మూతపడితే, నిధి ఎండుతుంది, పని కూడా ఆగుతుంది. అవసరం పెరిగినప్పుడు తగ్గిపోయే నిధి సంక్షేమానికి పునాది కాలేదు, బోనస్ కాగలదు. రోగాలు బాక్సాఫీసును చూసి రావు.

బయట ఎలా చేశారు

పూటకో యజమాని ఉండడం తెలుగు సినిమాకే వచ్చిన కష్టం కాదు. హాలీవుడ్‌లో తెర వెనక పనిచేసేవాళ్ళకు మోషన్ పిక్చర్ ఇండస్ట్రీ హెల్త్ ప్లాన్ అని ఒకటుంది. ప్రతి నిర్మాణ సంస్థా కార్మికుడు పనిచేసిన ప్రతి గంటకూ ఇంత అని ఆ నిధికి కడుతుంది. యజమానులు మారినా గంటలు ఒకే ఖాతాలో పడతాయి. తొలిసారి అర్హతకు వరసగా రెండు ఆరు నెలల కాలాల్లో కలిపి 600 గంటలు, ఆ తర్వాత ఆరు నెలలకు 400. ఎక్కువ చేసిన గంటలు దాచుకోవచ్చు, పని లేని కాలానికి వాడుకోవచ్చు. అంత ఏర్పాటు ఉన్నా 2023 సమ్మెల్లో గంటలు పడక అర్హత పోతుందేమోనని అక్కడివాళ్ళు భయపడ్డారు. ఏ పథకానికైనా ఓ బలహీనత ఉంటుంది, వాళ్ళది తెలిసిన బలహీనత.

జర్మనీ ఇంకో దారి పట్టింది. 1983 నుంచి అక్కడ స్వతంత్ర కళాకారులకూ రచయితలకూ సామాజిక బీమా ఉంది. చందాలో సగం కళాకారుడిది. మిగతా సగంలో 30 శాతం వాళ్ళ పనిని కొనే సంస్థల మీద సుంకం ద్వారా, 20 శాతం ప్రభుత్వం ద్వారా. యజమాని ఎవరని వాళ్ళు వెతకలేదు, కొనేవాడు ఎవరని వెతికారు. కొనేవాడు ఎప్పుడూ దొరుకుతాడు.

మనకు ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. 24 క్రాఫ్టుల యూనియన్లున్నాయి, సభ్యత్వ కార్డులున్నాయి, ఎవరు ఏ రోజు ఏ సెట్‌లో ఉన్నారో ప్రొడక్షన్ మేనేజర్ పుస్తకంలో ఉంటుంది. ఈఎస్ఐ రేట్లే తీసుకుని కాల్షీట్‌కు వేసి చూద్దాం. 1,380 కూలికి నిర్మాత వాటా 44 రూపాయల 85 పైసలు, కార్మికుడిది 10 రూపాయల 35 పైసలు. ఒక సినిమాకు రోజుకు 80 మంది చొప్పున 80 రోజులు షూటింగ్ అనుకుంటే నిర్మాత మీద మొత్తం భారం మూడు లక్షల లోపే. పది కోట్ల చిన్న సినిమాలో కూడా ఇది లెక్కకు రాని ఖర్చు. హీరోగారి క్యారవాన్ అద్దెతో పోల్చడం మర్యాద కాదు కాబట్టి ఆ పని చేయను.

ఎక్కడ మొదలుపెట్టాలి

దేశం మొత్తం లెక్క చూస్తే 2013-14లో వైద్యఖర్చులో జనం చేతినుంచి పెట్టినది 64.2 శాతం. 2021-22కి అది 39.4 శాతానికి దిగిందని జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. మంచి మార్పే. కాకపోతే ఆ చివరి ఏడాది కోవిడ్ వల్ల ప్రభుత్వాలు మామూలు కంటే ఎక్కువ ఖర్చుపెట్టిన ఏడాది. ఆ ఏడాదీ ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 1.84 శాతమే. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి 2.5 శాతం చేస్తామంది. 2025 వచ్చింది, వెళ్ళింది.

డబ్బు ఎక్కువ కావాలన్నది నిజమే. ఉన్న డబ్బు సమయానికి రావాలన్నది అంతకంటే దగ్గర్లో ఉన్న నిజం. అందుకే పరిమితిని 15 లక్షలు చేస్తామని ఎవరైనా అన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి. ఆసుపత్రి క్లెయిమ్ ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు, దాటితే వడ్డీ ఎవరిస్తారు? ఆదాయం ఒక్క రూపాయి పెరిగితే కార్డు మొత్తం పోతుందా, లేక మెట్లుమెట్లుగా కొంత చందా కట్టి కొనసాగవచ్చా? మంచం మీదున్న రోజులకు కూలి ఎవరు ఇస్తారు? ఈ మూడింటికీ జవాబుంటే పరిమితి ఐదు లక్షలున్నా పథకం గట్టిదే. జవాబు లేకపోతే అంకె ఎంతైనా అది అంకే.

సినిమా కార్మికుడి విషయంలో నాలుగో ప్రశ్న కూడా వేయవచ్చు, అది ప్రభుత్వాన్ని కాదు. 2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వృత్తి భద్రత కోడ్ ప్రకారం సినిమా కార్మికుడిని రాతపూర్వక ఒప్పందం లేకుండా పనిలో పెట్టుకోకూడదు. కూలి ఎంతో, మిగతా సదుపాయాలేమిటో అందులో రాయాలి. ఇంతకాలం నోటిమాట మీద, మేస్త్రీ ఫోన్ మీద నడిచిన పనికి ఇక కాగితం తప్పదు. ఆగస్టులో 18 రోజుల పాటు కూలి శాతాల మీద బేరమాడిన రెండు పక్షాలూ ఆ కాగితంలో ఆరోగ్యం పద్దు దగ్గర ఏం రాస్తాయో చూడాలి. 44 రూపాయల 85 పైసలని రాస్తే సంస్కరణ మొదలైనట్టు. "కంపెనీ నిబంధనల ప్రకారం" అని రాస్తే, ఆ కంపెనీ సోమవారం దాకా ఉంటుందో లేదో ముందు కనుక్కోవాలి.